ఓడ పేరు కాదు, ఓడ ఎలా ఎక్కారో అడగండి
(బర్మాలోని రంగూన్ (జనం మాటలో రంగం), దక్షిణాఫ్రికాలోని నేటాల్, ఫిజీ వెళ్ళిన కుటుంబాల జ్ఞాపకాలను నమోదు చేయడం గురించి విశాఖపట్నంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఏ ఊళ్ళో అడిగినా "మా తాత రంగం వెళ్ళాడు" అనేవాళ్ళు ఒకరిద్దరైనా తగులుతారు. ఎప్పుడు వెళ్ళాడయ్యా అంటే "ఆ రోజుల్లో" అంటారు. ఏ ఓడ మీద అంటే "పెద్ద ఓడ". ఎక్కడ ఎక్కాడంటే "ఇక్కడే, విశాఖపట్నంలో". కథ అక్కడితో ఆగిపోతుంది. ఆగిన కథను మళ్ళీ కదిలించడం ఎలాగో, ఏ ప్రశ్న వేస్తే ఏ సంవత్సరం బయటపడుతుందో చెప్పుకోవడానికే ఇవాళ కూర్చున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళు కాగితం, పెన్సిలు తీయండి. రేపే పనికొస్తుంది.

ముందు ఒక లెక్క. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో ఉన్న భారతీయులు 10,17,825 మంది. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అందులో తెలుగువాళ్ళు ఎక్కువగా బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర, పారిశుద్ధ్యం పనిలో ఉండేవాళ్ళు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, మనిషి ఓడెక్కేవాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ కిందే పని. మిల్లు పని సీజను పని కాబట్టి చాలామంది ఒక్కసారి వెళ్ళి ఊరుకోలేదు. వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. మన చిక్కంతా ఇక్కడే ఉంది. తాత నాలుగుసార్లు ప్రయాణం చేస్తే మనవడికి చేరేసరికి ఆ నాలుగూ కలిసి ఒక్క ప్రయాణం అయిపోతాయి. మొదటిసారి పడవలో తడిసిన గుడ్డలు, మూడోసారి రేవులో చూసిన క్రేను, ఆఖరిసారి అడవిలో నడక, అన్నీ ఒకే కథలో ఉంటాయి. దేనికది విడదీయడమే మన పని.

అందుకే ఓడ పేరు అడగవద్దంటున్నాను. డెక్కు మీద చాప పరుచుకుని వెళ్ళిన మనిషికి ఓడ ముక్కు మీద ఇంగ్లీషులో రాసిన పేరుతో పనేముంది? కోరమాండల్ తీరం నుంచి రంగూన్‌కు ఎక్కువగా ఓడలు నడిపింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ, జనం నోట్లో బీఐ కంపెనీ. వాళ్ళ ఓడలు ఒకటా రెండా? పేరు కోసం మీరు పట్టుబట్టారనుకోండి, పాపం ముసలాయన మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక తర్వాతెప్పుడో విన్న పేరొకటి చెప్పేస్తాడు. మలయా వెళ్ళొచ్చిన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. ఎవరిని అడిగినా "రజులా" అంటారు. రజులా ఓడ కట్టింది 1926లో. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగు, సింగపూర్‌కు 1970ల దాకా తిరిగింది కాబట్టి అందరి నోళ్ళలో నానింది. 1910లో వెళ్ళిన ముత్తాతను కూడా దాని మీదే ఎక్కిస్తారు. ఆయన వెళ్ళినప్పుడు ఆ ఓడ ఇంకా పుట్టలేదు.

పేరు బదులు ఇలా అడగండి: "ఓడ ఎక్కేటప్పుడు కాళ్ళు తడిశాయా?"

నవ్వుతున్నారు గానీ, విశాఖపట్నం వరకు ఈ ఒక్క ప్రశ్న కాలాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఇప్పుడున్న లోపలి హార్బరు ఓడలకు తెరుచుకున్నది 1933 అక్టోబరు 7న. ఆ రోజు మొట్టమొదట లోపలికి వచ్చింది సింధియా కంపెనీ వారి జలదుర్గ. వైస్రాయ్ విల్లింగ్డన్ చేతుల మీదుగా లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది డిసెంబరు 19న. అంతకు ముందు స్టీమరు ఒడ్డుకు వచ్చేదే కాదు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని నిలబడేది. మనుషుల్ని, సామాన్లని పడవల మీద అక్కడికి చేర్చాలి.

ఆ పడవ ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జ్ఞాపకంలో బాగా నిలిచేది అదే. మసూలా పడవ అంటారు. పలకల్ని మేకులతో బిగించరు. పలక అంచుల్లో రంధ్రాలు చేసి కొబ్బరి తాడుతో కుడతారు, అతుకు మధ్యలో పీచు కూరుతారు. లోపల అడ్డంగా బిగించిన చట్రం కూడా ఉండదు. మన తీరంలో అలలు ఒడ్డుకు కొంచెం దూరంలోనే వరసగా విరుగుతాయి. మేకులు కొట్టిన గట్టి పడవ అయితే అల మీద నుంచి ఇసుక మీద పడ్డప్పుడు ఆ దెబ్బకు పగులుతుంది. కుట్టుపడవ వంగుతుంది, మెలికపడుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. దానికి మూల్యం ఏమిటంటే కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉండాలి. అందుకే పడవ మనుషుల గురించి చెప్పేటప్పుడు "ఒకడు డొప్పతో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు" అని ఎవరైనా అన్నారంటే ఆ మాట నమ్మండి. అది ఊహించి చెప్పేది కాదు. ఆ తర్వాతి ఘట్టం ఓడ పక్కకు చేరడం. పడవ లేస్తుంది, పడుతుంది, నిచ్చెన మాత్రం కదలదు. పడవ పైకి లేచిన క్షణంలో అడుగు వేయాలి. చంటిపిల్లను ఎవరి చేతికి అందించారు, మూట ఎవరు పట్టుకున్నారు అని అడగండి. కథ చెప్పేవాళ్ళ చేతులు వాటంతటవే పైకి లేస్తాయి.

కాళ్ళు తడవలేదు, చెక్క మెట్ల మీదుగా నేరుగా ఎక్కాం అన్నారనుకోండి. విశాఖలో అయితే 1933 తర్వాతి మాట. అయితే ఒక జాగ్రత్త. ఇది విశాఖకే వర్తిస్తుంది. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో ఆ తర్వాత కూడా పడవ తప్పలేదు. కాకినాడ సంగతి మరోలా ఉంటుంది. అక్కడ తీరం లోతు లేనిది, ఓడ మైళ్ళ దూరంలో ఆగుతుంది, కాలువలోంచి లాంచీ మీద చాలాసేపు వెళ్ళాలి. "పడవలోనే సగం పూట అయింది" అంటే కాకినాడను అనుమానించండి. ఇంకో సంగతి. ఊరు మన వైపుది కాబట్టి విశాఖలోనే ఎక్కి ఉంటారని మనమే తీర్మానించుకుంటాం. పలాస, టెక్కలి వాళ్ళకు బారువో కళింగపట్నమో దగ్గర. కాబట్టి ముందు రేవు, తర్వాత కాళ్ళు.

రెండో ప్రశ్న: "ఎన్ని రాత్రులు ఓడలో పడుకున్నారు?" రోజులు అడగొద్దు, రాత్రులు అడగండి, లెక్క బాగా గుర్తుంటుంది. ఇక్కడి నుంచి రంగూన్‌కు సముద్రం మీద సుమారు 800 నాటికల్ మైళ్ళు. ఆనాటి స్టీమరు గంటకు పది పన్నెండు నాట్ల వేగం. అంటే మూడు రోజులు, దారిలో రేవులు తాకుతూ వెళ్తే ఇంకొకటి రెండు కలుపుకోండి. మూడు నాలుగు రాత్రులు అంటే రంగూన్‌తో సరిపోతుంది. నెల అన్నారంటే అది బర్మా కాదు, వేరే సముద్రం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మూడోది: "నీళ్ళ రంగు ఎప్పుడు మారింది?" రంగూన్ సముద్రం ఒడ్డున లేదు. నది ముఖం దగ్గర ఓడ దారి చూపే పైలట్ కోసం, పోటు కోసం ఆగి, తర్వాత బురద నీళ్ళలో ఇరవై మైళ్ళకు పైగా లోపలికి పోవాలి. ఊరు కనబడకముందే ష్వెడగోన్ పగోడా బంగారు శిఖరం కనబడుతుంది. "నీలం నీళ్ళు పోయి ఎర్రనీళ్ళు వచ్చాయి, బంగారు గుడి మెరిసింది" అని ఎవరైనా అంటే ఆయన స్వయంగా చూసిన మనిషి. వినికిడి కథల్లో గుడి ఉంటుంది గానీ ఎర్రనీళ్ళు ఉండవు.

ఇక సంవత్సరం. "ఏ సంవత్సరం?" అని మాత్రం అడగకండి. 1930 అనో 1940 అనో గుండ్రటి అంకె ఒకటి వస్తుంది, దానికి విలువ లేదు. "అప్పటికి పెద్దబ్బాయి పుట్టాడా?" అని అడగండి. "ఆ యేడు మా పెద్దగుంటడు కడుపులో ఉన్నాడు" అని జవాబొస్తే పెద్దబ్బాయి స్కూలు సర్టిఫికెట్టు వెతకండి. అందులో పుట్టినతేదీ మేస్టారు అటూ ఇటూ వేసి ఉంటారు, ఒకటి రెండేళ్ళ తేడా ఉంచుకోండి. జాతకం ఉంటే ఇంకా మంచిది, అందులో సంవత్సరం పేరు ఉంటుంది. ప్రమోదూత అంటే 1930-31. శ్రీముఖ 1933-34, అంటే మన హార్బరు తెరిచిన ఏడు. వృష 1941-42, చిత్రభాను 1942-43. క్రోధి 1964-65. అయితే ఈ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ఒక్క పేరుతో తీర్మానం చేయకుండా మనిషి వయసుతో సరిచూడండి.

పంచాంగం లేని ఇళ్ళలో సంఘటనలు పట్టుకోవాలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు, వాళ్ళ బదులు బర్మీయుల్ని పెట్టారు, సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనికెళ్ళేసరికి గొడవ మొదలై ఊచకోత దాకా పోయింది. "కత్తుల గొడవ" అని ఏ ఇంట్లోనైనా వినబడితే ముందు ఆ ఏడు చూడండి. 1938 జులైలో మరో గొడవ జరిగింది, రెంటినీ కలిపేస్తారు. రేవు, సమ్మె మాటలు వస్తే మొదటిది.

ఇప్పుడు తిరిగి రావడం. మన ప్రాంతపు జ్ఞాపకాల్లో బరువైన భాగం ఇదే. వెళ్ళడం గురించి చెప్పని వాళ్ళు కూడా రావడం గురించి చెబుతారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. వృష, పుష్యమాసం. ఆ డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు కొందరు ఓడల మీదే బయటపడ్డారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వాళ్ళ చేతికి పోయింది. మిగిలిన లక్షల మందికి ఇక నడకే. ఏ దారిన నడిచారో తెలుసుకోవడానికి కూడా ఒక ప్రశ్న ఉంది: "కొండలు దాటాక పడవెక్కారా, రైలెక్కారా?" పడవ అంటే ప్రోము నుంచి తాంగూపు కనుమ దాటి, అకియాబు మీదుగా చిట్టగాంగ్ చేరిన దారి. ఎక్కువగా మొదటి నెలల్లో వెళ్ళినవాళ్ళు. కలరా ఎక్కువ ప్రాణాలు తీసిన దారుల్లో అదొకటి. రైలు అంటే తాము, ఇంఫాల్ మీదుగా డీమాపూర్ చేరిన దారి. అక్కడి స్టేషన్‌కు ఆ రోజుల్లో మణిపూర్ రోడ్ అని పేరు, "మణిపూరు టేసను" అనే మాట వింటే అదే. జలగలు, మోకాలి లోతు బురద, ఎడతెగని వాన, చివర అస్సాంలోని లెడో ఊరు అన్నారంటే అది హుకాంగ్ లోయ దారి, వానాకాలంలో చిక్కుకున్నవాళ్ళది.

ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళకు ఇంకో గుర్తు ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి, జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకు పోయారు. "పట్నం మీద బాంబు పడ్డప్పటికి ఆయన ఇంటికొచ్చారా?" అని మామ్మను అడిగితే అవునో కాదో టక్కున చెబుతుంది. ఆ ఒక్క జవాబుతో దారి కూడా సగం తేలిపోతుంది.

యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు తిరిగొచ్చింది 1960ల్లో. 1962 మార్చి 2న బర్మా సైన్యాధిపతి నే విన్ అధికారంలోకి వచ్చాడు, తర్వాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు, 1964 మేలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. లక్షకు పైగా మనుషులు భారతదేశానికి ఓడల మీద తిరిగి వచ్చారు. మన కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు ఆ కాందిశీకుల వల్ల వచ్చిందే. ఈ తరం వాళ్ళు మాత్రం కాగితాలు దాచుకున్నారు, ఎందుకంటే కాగితం లేకపోతే లోను లేదు, స్థలం లేదు. వాళ్ళ పెట్టెల్లో ఎఫ్.ఆర్.సి., అంటే బర్మాలో విదేశీయులకిచ్చిన రిజిస్ట్రేషన్ పుస్తకం, వెతకండి. కాందిశీకుల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకు కాగితాలు కూడా దొరకవచ్చు. "రంగం నుంచి వచ్చారు" అని ఒకే మాట అంటాం గానీ, 1942లో నడిచొచ్చిన ఇల్లు, 1964లో ఓడ దిగిన ఇల్లు రెండూ వేరు. ఒక ఇంట్లోనే రెండూ ఉంటే రెండు కాగితాల మీద విడివిడిగా రాయండి.

పెట్టె తెరిచారు కాబట్టి అందులోని చిల్లర కూడా చూడండి. కవరు మీద స్టాంపు చూడండి. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా మన దేశంలో భాగమే, మామూలు ఇండియా స్టాంపులే అంటించేవారు. ఆ రోజు బర్మా విడిపోయింది, అవే స్టాంపుల మీద బర్మా అని అచ్చు వేశారు, 1938 నుంచి వాళ్ళ సొంత స్టాంపులు. నోట్లూ అంతే. జపాన్ వాళ్ళు వేసిన రూపాయి నోట్లు కట్టలుకట్టలుగా దొరికితే సంతోషించకండి, యుద్ధం అయ్యాక అవి చిత్తుకాగితాలు. కానీ ఆ నోట్లు ఇంట్లో ఉన్నాయంటే ఆ ఇంటి మనిషి జపాన్ హయాంలో బర్మాలోనే ఉండిపోయాడన్న మాట, 1942లో నడిచి రాలేదన్న మాట. ఎవరో తర్వాత తెచ్చిచ్చారేమో అని మాత్రం ఒకసారి అడిగి చూడండి.

ఇందాక నెల రోజుల ప్రయాణం అన్నాను కదా, దాని సంగతి. అది గిరిమిట్ ప్రయాణం, ఒప్పంద కూలీగా. నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న దర్బన్ చేరింది, 342 మందితో. నెల పైనే పట్టింది. 1911 వరకు నేటాల్‌కు మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్ 1879లో కలకత్తా నుంచి వెళ్ళింది. మన దక్షిణాది వాళ్ళు ఎక్కువగా వెళ్ళింది 1903 నుంచి, ఫిజీ ప్రయాణాలకు మద్రాసు రేవు తెరిచాక. మారిషస్ వీటికంటే పాతది, 1834 నుంచి.

గిరిమిట్ ఓడకూ రంగం ఓడకూ తేడా ఎలా పట్టాలి? తిండి అడగండి. రంగం డెక్కు ప్రయాణికుడు తన మూట తనే కట్టుకున్నాడు, అటుకులో, వేపుడుబియ్యమో, పచ్చడో. గిరిమిట్ ఓడలో లెక్క ప్రకారం వాళ్ళే వండి పెట్టారు, డాక్టరు వరసలో నిలబెట్టి చూశాడు, మెడలో అంకె వేసిన తగరపు బిళ్ళ ఉండేది. బిళ్ళ మాట వచ్చిందంటే ఇక సందేహం అక్కర్లేదు. పైగా ఆ కుటుంబం "విశాఖలో ఓడెక్కాడు" అని చెబితే రాసుకోండి గానీ నమ్మకండి. నేటాల్, ఫిజీ వెళ్ళే తెలుగువాళ్ళను మద్రాసు డిపోకు తీసుకెళ్ళి, పరీక్షలు చేసి, అక్కడ ఎక్కించారు. విశాఖలో ఎక్కింది మద్రాసు దాకా పోయే తీరం స్టీమరు కావచ్చు.

గిరిమిట్ వాళ్ళకు రంగం వాళ్ళకు లేని అదృష్టం ఒకటుంది, కాగితం. ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాసు. ఫిజీ పాసు తీసి చూస్తే నంబరు, ఓడ, తేదీ, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు అడుగులు అంగుళాల్లో, ఒంటి మీద గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు, పెళ్ళయితే ఎవరితో, అన్నీ ఉంటాయి. ముత్తాత ఎడమకాలి పిక్క మీద మచ్చ ఉందని నూరేళ్ళ తర్వాత తెలుస్తుంది. ఫిజీ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, అక్కడ ఫోటోలు కూడా ఉన్నాయి. నేటాల్ ఓడల జాబితాలు దర్బన్‌లో. మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్ళకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ ఫైళ్ళకు అభిలేఖ్ పటల్ వెబ్‌సైటు. బర్మా వెళ్ళిన సాదా డెక్కు ప్రయాణికుడికి మాత్రం ఇలాంటి పాసు కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి.

పాసు దొరికాక చదవడంలోనే చాలామంది దెబ్బతింటారు. మూడు చోట్ల.

మొదటిది జిల్లా. కాగితం మీద "గంజాం" అని ఉంటే "మేం ఒడిశా వాళ్ళమా?" అని బెంగపడతారు. అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోనే ఉన్నాయి. తర్వాత విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. విజయనగరం జిల్లా వచ్చింది 1979లో. కాగితాల్లో శ్రీకాకుళం "చికాకోల్" అని ఉంటుంది, కాకినాడ "కొకనాడ". అన్నిటికంటే మోసం చేసేది "గోల్గొండ తాలూకా". హైదరాబాదు గోల్కొండ కాదది, మన నర్సీపట్నం వైపు గొలుగొండ. "సర్వసిద్ధి" అంటే యలమంచిలి ప్రాంతం, "వీరవిల్లి" అంటే చోడవరం వైపు. ఊరి పేరు చివర "వలస" అని అర్థమైతే విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వెతకడం మొదలెట్టండి. కొత్తవలసలు మాత్రం ఒకటి కాదు, తాలూకా లేకుండా ఊరు ఖాయం చేయకండి.

రెండోది పేరు. ఇంటిపేరు రాయలేదు. మనిషి పేరు, తండ్రి పేరు అంతే. గుమాస్తా తమిళుడో ఇంగ్లీషువాడో, మన అప్పలస్వామి అతని చెవికి "అప్పల్‌సామి", పైడయ్య "పైడియా" అయ్యారు. సముద్రం దాటాక తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుంది. కాబట్టి అక్షరాలా పేరు వెతికితే దొరకదు. పేరు గట్టిగా పలికి, ఆ శబ్దానికి ఎన్ని స్పెల్లింగులు వస్తాయో రాసుకుని అన్నీ వెతకండి. బర్మా, మారిషస్ కాగితాల్లో తెలుగువాళ్ళను "కొరంగీ" అని రాశారు, కోరంగి రేవు పేరు మీద. ఆ మాటతో కూడా వెతకాలి.

మూడోది, ఇంగ్లీషులో రాసిన చేతిపుస్తకాలు ఎన్ని చదివినా తెలియనిది. మనకు మనవడికి తాత పేరు పెట్టే అలవాటు. ఒక ఇంట్లో అప్పలనాయుడు కొడుకు రాములు, రాములు కొడుకు మళ్ళీ అప్పలనాయుడు. 1890లో నేటాల్ వెళ్ళిన అప్పలనాయుడు, 1935లో రంగం వెళ్ళిన అప్పలనాయుడు ఒకరే అనుకుని కుటుంబ చరిత్ర అంతా రాసేసుకున్నవాళ్ళున్నారు. దీనికి మందు తండ్రి పేరు, భార్య పేరు. ఆ రెండూ కుదరకుండా ఏ కాగితాన్నీ మీ మనిషికి అంటగట్టకండి. ఇంటర్నెట్‌లో వేరొకరు పెట్టిన వంశవృక్షం నుంచి అయితే అస్సలు ఎత్తి రాయకండి.

ఎవరూ వెతకని చోటు ఇంకొకటుంది, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. ఓడ ఛార్జీకి భూమి తాకట్టు పెట్టినవాళ్ళు, రంగం డబ్బుతో భూమి కొన్నవాళ్ళు చాలామంది. తాకట్టు తేదీ బయలుదేరిన తేదీకి దగ్గరగా ఉంటుంది, కొనుగోలు తేదీ తిరిగొచ్చినదానికి. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి జులై నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి జూన్ అయితే 591 కలపండి. ఫసలీ 1340 అంటే 1930 జులై 1 నుంచి 1931 జూన్ 30 వరకు.

ఇక రికార్డు చేయడం గురించి నాలుగు ముక్కలు. పొద్దున కాఫీ అయ్యాక కూర్చోండి, మధ్యాహ్నం భోజనం తర్వాత వద్దు. ఫ్యాను ఆపండి. మన విశాఖ ఉక్కలో కష్టమే, అయినా ఆపండి. ఫ్యాను చప్పుడు పడ్డ రికార్డింగులో పేర్లు వినబడవు, మనకు కావలసింది పేర్లే. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మనిషికి అడుగు దూరంలో ఉంచండి. మొదట తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారో మీరే చెప్పండి. నలభై నిమిషాలు చాలు. మధ్యలో "కాదు తాతా, అది నలభైరెండు" అని సరిదిద్దకండి. సరిదిద్దితే ఆయన తర్వాత నుంచి మీకు నచ్చేదే చెబుతాడు. తప్పులు కూడా అలాగే ఉండనివ్వండి, పక్కన పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. కోడళ్ళు, కూతుళ్ళ ముందు చెప్పని సంగతులుంటాయి, అప్పులు, రెండో సంసారాలు. రంగంలో ఇంకో కుటుంబం ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. అది బయటకొస్తే రికార్డింగు ఎవరికి వినిపించాలో ముందు వాళ్ళనే అడగండి.

ఫోటోలు, కాగితాల విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయలేం. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్ళకు పసుపురంగు మరక పడుతుంది. గాజుకు అంటుకుపోయిన ఫోటోను లాగకండి. మన సముద్రపు తేమకు ఫోటో మీది పొర గాజును పట్టేస్తుంది, లాగితే ముఖం గాజుకే ఉండిపోతుంది. గాజుతో సహా స్కాన్ చేయండి, 600 డీపీఐలో. స్కానరు లేకపోతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. వెనక వైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, అన్నీ వెనకే ఉంటాయి. మడతపెట్టిన కాగితాన్ని ఒకేసారి తెరిస్తే మడత దగ్గర తెగుతుంది, రెండు రోజులు బల్ల మీద వదిలేసి నెమ్మదిగా తెరవండి. నకళ్ళు మూడు చోట్ల ఉండాలి, ఒకటి తప్పకుండా వేరే ఇంట్లో.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభ నుంచి ప్రశ్న: మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. ఎక్కడ మొదలెట్టాలి?)

పక్కింటి నుంచి మొదలెట్టండమ్మా. మేస్త్రీ ఒక ఊరి నుంచి ఒక్కడినే తీసుకెళ్ళడు, పది మందిని తీసుకెళ్తాడు. అదే పడవ, అదే ఓడ, చాలాసార్లు అదే మిల్లు. మీ వీధిలో రంగం వెళ్ళిన ఇంకో ఇల్లు ఉంటే వాళ్ళ ప్రయాణం చాలావరకు మీ వాళ్ళది కూడా. మేస్త్రీ పేరు అడగండి, ఊళ్ళో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది, ఎందుకంటే ఆయన దగ్గర అప్పు చేయనివాళ్ళు లేరు. (నవ్వులు) తర్వాత సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో మీ సర్వే నంబరు మీద పాత లావాదేవీలు తీయించండి. అక్కడ మీ తాత పేరు, ఆయన తండ్రి పేరు, తేదీ మూడూ ఒకే చోట దొరుకుతాయి.

(మరో ప్రశ్న: కళింగపట్నంలో ఓడెక్కారని మా అమ్మమ్మ, భీమిలిలో అని మా పెదనాన్న అంటున్నారు. ఏది రాయాలి?)

రెండూ రాయండి, ఎవరు చెప్పారో పేరుతో సహా. స్టీమరు తీరం వెంట రేవు రేవుకూ ఆగుతూ పోయేది కాబట్టి కళింగపట్నంలో ఎక్కినవాళ్ళు భీమిలి రేవును ఓడలోంచే చూసి ఉండవచ్చు. అమ్మమ్మను పడవ గురించి అడగండి. పెదనాన్నను మాత్రం "ఈ మాట మీకు ఎవరు చెప్పారు?" అని అడగండి.